కరవడం తెలిసీ కరవని కుక్క: పశువుల ట్రయల్స్‌లో అసలు కొలిచేది ఏమిటి?

మైదానం చివర మూడు పెయ్యలు నిలబడి ఉన్నాయి. ఒక్కొక్కటీ 250 నుంచి 300 కిలోలు తూగుతుంది. ఒక కుక్క అర్ధచంద్రంలా చుట్టూ తిరిగి వచ్చి వాటి వెనక ఆగింది. దాని బరువు మహా అయితే 18 కిలోలు. రెండు పెయ్యలు దాన్ని చూసి మెల్లగా ముందుకు కదిలాయి. మూడోది కదల్లేదు. వెనక్కి తిరిగి, తల దించి, ముందరి గిట్టతో నేల గీరింది. కుక్క మొరగలేదు. పక్కకూ తప్పుకోలేదు. ఒక అడుగు వేసి ఆగింది. ఇంకో అడుగు వేసింది. పెయ్య కుమ్మడానికి తల విసిరిందో లేదో, దాని ముక్కు మీద ఒక్క కాటు పడింది. పట్టుకుని వేలాడలేదు, అంటించి వదిలేసింది, అంతే. పెయ్య తల తిప్పుకుంది. అది తల తిప్పిన క్షణంలోనే కుక్క కూడా నిలబడిపోయింది. తరమలేదు.

ఆరేడు సెకన్లలో అయిపోయిన పని ఇది. అమెరికాలో, ఆస్ట్రేలియాలో పశువులను తోలే కుక్కలకు జరిగే పోటీల్లో (వీటినే ట్రయల్స్ అంటారు) అనుభవం ఉన్న జడ్జి కళ్లు కాచుకుని ఉండేది ఇలాంటి ఆరేడు సెకన్ల కోసమే. కాటు వేసేంత ధైర్యం ఆ కుక్కకు ఉందా? పశువు లొంగగానే ఆపేసేంత నిగ్రహం ఉందా? ఈ రెండూ ఒకే కుక్కలో దొరకడం చాలా అరుదు. అవి రెండూ ఉన్న కుక్కను గుర్తించడానికే ఈ పోటీ పుట్టింది. అయితే పోటీ పెట్టేవాళ్లు రాసుకునే నియమాలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. కొన్ని నియమాలు అలాంటి కుక్కను పైకి తెస్తాయి, కొన్ని దాన్ని వెనక్కి నెట్టి ఇంకో రకం కుక్కను గెలిపిస్తాయి. ట్రయల్స్ గురించి మాట్లాడేటప్పుడు ఏ జాతి గొప్పది, ఎవరి కుక్క గెలిచింది అనే దగ్గరే చర్చ ఆగిపోతుంటుంది. మార్కులు దేనికి వేస్తున్నారన్నది అంతకంటే పెద్ద ప్రశ్న.

గొర్రెల పోటీ నుంచి వచ్చిన వారసత్వం

కుక్కల ట్రయల్స్ మొదలైంది పశువులతో కాదు, గొర్రెలతో. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో ఉన్న ఫోర్బ్స్ ఊళ్లో 1870ల మొదట్లోనే ఇలాంటి పోటీలు జరిగాయి. బ్రిటన్‌లో మొదటిది 1873 అక్టోబరులో వేల్స్‌లోని బాలాలో జరిగింది. దాన్ని గెలుచుకున్నది ఒక స్కాట్లాండ్ కాపరి కుక్క, పేరు ట్వీడ్. ఫోర్బ్స్‌లోనే 1879లో కింగ్స్ కెల్పీ అనే ఆడకుక్క మొదటి బహుమతిని ఇంకో కుక్కతో పంచుకుంది. దాని పిల్లలకు గిరాకీ పెరిగి, క్రమంగా ఆ జాతికే కెల్పీ అన్న పేరు స్థిరపడింది. ఒక పోటీ ఫలితం ఒక జాతి పేరునే నిలబెట్టిందంటే, ఈ పోటీలకున్న బలం ఎంతో అర్థమవుతుంది.

1906లో ఏర్పడిన ఇంటర్నేషనల్ షీప్ డాగ్ సొసైటీ పద్ధతే ఇవాళ్టికీ గొర్రెల ట్రయల్స్‌కు మూలం. ఒక్కో జడ్జి చేతిలో 100 మార్కులు ఉంటాయి. కుక్క దూరంగా చుట్టు తిరిగి మంద వెనక్కి చేరడానికి 20, మందను మొదటిసారి కదిలించడానికి 10, కాపరి దగ్గరికి తేవడానికి 20, కాపరికి దూరంగా తోలుకుపోవడానికి 30, దొడ్డిలోకి ఎక్కించడానికి 10, మందలోంచి కొన్నింటిని విడదీయడానికి 10. కుక్క నిండు మార్కులతో మొదలవుతుంది. తప్పు చేసిన కొద్దీ కోత పడుతుంది.

ఇందులో మొదటిసారి కదిలించడం అన్న ఘట్టాన్ని 'లిఫ్ట్' అంటారు. కొన్ని క్షణాల్లో అయిపోయే ఈ పనికి, దొడ్డిలోకి ఎక్కించినదానితో సమానంగా 10 మార్కులు ఇచ్చారు. ఊరికే ఇవ్వలేదు. మంద కుక్కను తొలిసారి చూసి తన మనసులో ఒక నిర్ణయానికి వచ్చేది అప్పుడే. కుక్క దూకుడుగా వస్తే మంద చెదురుతుంది, మిగతా పరుగంతా (పోటీలో ఒక కుక్క వంతును పరుగు అంటారు) ఆ చెదిరినవాటిని ఏరుకోవడంతోనే సరిపోతుంది. కుక్క తడబడితే మంద దాన్ని లెక్కచెయ్యదు. నిదానంగా, గట్టిగా వస్తే తర్వాత పదినిమిషాలు పని దానంతటదే జరుగుతుంది. ఈ ఒక్క చిన్న ఘట్టానికి విడిగా మార్కులు పెట్టాలని తోచినవాళ్లకు పశువు మనసు బాగా తెలుసు.

కానీ ఈ గొర్రెల నియమాలను ఆవుల దగ్గరికి ఉన్నదున్నట్టు తెస్తే పని జరగదు. గొర్రె భయపడితే మందలోకి దూరుతుంది. ఆవు భయపడితే పారిపోవచ్చు, కుమ్మవచ్చు, వెనక కాలితో తన్నవచ్చు. గొర్రెల ట్రయల్‌లో కుక్క నోరు పెట్టిందంటే మామూలుగా అక్కడితో పోటీ నుంచి బయటికి పంపేస్తారు. ఆవుల ట్రయల్‌లో అదే నియమం పెడితే, ఎదురు తిరిగిన మొదటి కోడె ముందు కుక్క చేతులెత్తేసినట్టే. ఆ కోడెకు ఒక్కసారి గెలుపు రుచి చూపిస్తే ఇక ఆ రోజంతా ఏ కుక్కకూ లొంగదు. అందుకే ఆవుల పోటీలో కాటుకు చోటిచ్చారు. చోటైతే ఇచ్చారు గాని, ఎక్కడ, ఎప్పుడు, ఎంత అన్నది తేల్చడం మొదలుపెట్టాక అసలు చిక్కులు వచ్చాయి.

ఆవు కన్ను ఎటు చూస్తుంది

కాటు సంగతికి ముందు ఆవు చూపు గురించి కొంచెం తెలుసుకోవాలి. ఆవుకు కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. తల తిప్పకుండానే 300 డిగ్రీలకు పైగా చూడగలదు. దానికి కనపడనిది సరిగ్గా తోక వెనకున్న చిన్న మేర. అమెరికా పశుశాస్త్రవేత్త టెంపుల్ గ్రాండిన్ పశువులను మళ్లించడం గురించి రాసినవాటిలో రెండు మాటలు ట్రయల్స్ చూసేవాళ్లకు బాగా పనికొస్తాయి. మొదటిది, ప్రతి పశువు చుట్టూ కంటికి కనపడని ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దు లోపలికి ఎవరైనా వస్తే అది కదులుతుంది, బయటికి పోతే ఆగుతుంది. రెండోది, దాని భుజం దగ్గర ఒక తూకపు గీత ఉంటుంది. ఆ గీతకు వెనక నిలబడితే పశువు ముందుకు పోతుంది, ముందుకొస్తే వెనక్కి తగ్గుతుంది.

మన ఊళ్లలో గొడ్లు తోలుకొచ్చేవాళ్లకు ఈ శాస్త్రం పేరు తెలియకపోవచ్చు గాని పని తెలుసు. బెదురుగొడ్డుకు సరిగ్గా వెనక నడవరు, ఒక పక్కగా నడుస్తారు. దాన్ని ఆపాలంటే మెడ పక్కకు వచ్చి చెయ్యి చాపుతారు. నోటితో అదిలిస్తారు, తీరా వినకపోతేనే కర్ర. ఇక్కడ ఆ పనంతా మనిషే చేస్తాడు. గొల్ల, కురుమ కాపరుల దగ్గర కుక్కలుంటాయి గాని, వాటి పని రాత్రిళ్లు తోడేళ్ల నుంచి మందను కాయడం. మందను తోలడం వాటి పని కాదు. స్కాట్లాండ్, ఇంగ్లండ్ సరిహద్దుల్లో తయారైన బార్డర్ కాలీ దారి వేరు. అందులో వేటాడే జంతువు స్వభావాన్ని సగంలో ఆపేశారు. చూడడం, గురిపెట్టడం, పొంచి నడవడం, చుట్టుముట్టడం ఉన్నాయి. చంపడం తీసేశారు. ఆ గురిపెట్టిన చూపునే ట్రయల్స్ భాషలో 'ఐ' అంటారు. ఎదురు తిరిగిన పశువు ముందు వెనక్కి తగ్గకుండా నిలబడే గుణానికి 'పవర్' అని పేరు.

కుక్కను నడిపించే మనిషిని హ్యాండ్లర్ అంటారు. అతని పని ఆ హద్దునూ ఆ గీతనూ కుక్క ద్వారా జరపడం. 'కమ్ బై' అంటే కుక్క గడియారం ముల్లు తిరిగే దిక్కున మంద చుట్టూ తిరుగుతుంది. 'అవే' అంటే దానికి ఎదురు దిక్కున. 'వాకప్' అంటే నేరుగా పశువు మీదికి నడుస్తుంది. 'దట్ విల్ డూ' అంటే ఇక చాలు, వెనక్కి రా అని. దూరంలో ఉన్న కుక్కకు ఇవే ఆజ్ఞలు ఈలల్లో వెళ్తాయి. ఒక్కో కుక్కకు ఒక్కో ఈల వరస ఉంటుంది. అందుకే ఒకే మనిషి రెండు కుక్కలను ఒకేసారి రెండు దిక్కులకు పంపగలడు.

కాటు ఎక్కడ పడాలి

పశువులను తోలే కుక్కల్లో స్థూలంగా రెండు రకాలు. ముందుకు వెళ్లి తల దగ్గర ఆపేవి, వెనక నుంచి మడమ దగ్గర కరిచి కదిలించేవి. రెండో రకానికి పేరు మోసింది ఆస్ట్రేలియన్ క్యాటిల్ డాగ్. అక్కడి జనం దాన్ని బ్లూ హీలర్ అంటారు. 19వ శతాబ్దం నడిమి కాలంలో న్యూ సౌత్ వేల్స్‌లో థామస్ హాల్ అనే పశువుల ఆసామి ఇంగ్లండ్ నుంచి తెచ్చిన పశువుల కుక్కలను అక్కడి అడవికుక్క డింగోతో కలిపి తయారుచేసిన హాల్స్ హీలర్స్ దీనికి పూర్వీకులు. కంచెలు లేని నేలల మీద, సగం అడవి పశువులను వందల మైళ్లు నడిపించాలంటే మెత్తని కుక్కలు పనికిరావు మరి.

మంచి హీలర్ కాటు వేసే తీరు దగ్గర్నుంచి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. అది ఏ కాలు దొరికితే ఆ కాలు పట్టుకోదు. నడిచే ఆవు వెనక కాళ్లలో ఏ కాలి మీద బరువు ఆనించి ఉందో ఆ కాలినే, గిట్టకు కాస్త పైన కరుస్తుంది. బరువు మోస్తున్న కాలితో ఆవు వెంటనే తన్నలేదు. ఆ అర సెకనులో కుక్క నేలకు కరుచుకుపోతుంది. ఆ తర్వాత వచ్చే తన్ను దాని తల మీదుగా గాలిలోకి పోతుంది. దీన్ని కొంతవరకు నేర్పవచ్చు గాని, చాలావరకు పుట్టుకతో రావలసిందే. ఇది రాని కుక్కలకు పళ్లూ దవడలూ విరుగుతాయి.

ట్రయల్స్‌లో జడ్జిలు ఒప్పుకునే కాట్లు సాధారణంగా రెండే. ఎదురు తిరిగిన పశువు ముక్కు మీద, లేదా కదలనని మొండికేసిన పశువు మడమ మీద. అదీ అవసరం పడితేనే, ఒక్కసారి వేసి వదిలేస్తేనే. డొక్కలో కరిచినా, తోక పట్టుకుని వేలాడినా, బుద్ధిగా నడిచిపోతున్న పశువును వెనక నుంచి గిల్లినట్టు కరిచినా మార్కులు పోతాయి, ముదిరితే పోటీలోంచే పంపేస్తారు. బయటి నుంచి చూసేవాళ్లకు అన్నీ కాట్లే. తేడా ఏమిటంటే, ముక్కు మీద కాటు ఆవుకు ఒక జవాబు. 'ఇటు రాకు, అటు పో, అటు పోతే నీ జోలికి రాను' అన్న అర్థం అందులో ఉంది. డొక్కలో కాటులో ఏ అర్థమూ లేదు. ఎటు పోవాలో ఆవుకు తెలియదు, నొప్పి మాత్రం తెలుస్తుంది.

చాలాసార్లు డొక్కలో కరిచేది ధైర్యం ఎక్కువైన కుక్క కాదు, తక్కువైనది. ఎదురుగా నిలబడలేని కుక్క టెన్షన్‌తో పక్కనుంచి దూకి కరిచి పారిపోతుంది. అలాంటి కుక్క చూసేవాళ్ల కళ్లకు మహా చురుగ్గా కనపడుతుంది. చప్పట్లు దానికే పడతాయి. నిజంగా గుండె గట్టిగా ఉన్న కుక్క పెద్దగా ఏమీ చేస్తున్నట్టు కనపడదు. తల దించి నడుస్తూ వస్తుంది, ఆవులు పక్కకు తప్పుకుంటాయి. చూడటానికి విసుగ్గా కూడా ఉంటుంది. ఆ విసుగు పుట్టించే పరుగే అన్నిటికంటే మంచి పరుగు.

గడియారమా, జడ్జి చూపా

ఆవుల ట్రయల్స్‌లో మార్కులు వేసే పద్ధతులు ముఖ్యంగా రెండు. ఒకటి గొర్రెల పోటీ నుంచి వచ్చినది, జడ్జి చూసి కోత పెట్టేది. రెండోది అమెరికా పశ్చిమ రాష్ట్రాల రోడియో మైదానాల గాలి సోకినది. అందులో ప్రతి అడ్డంకిలోంచి ఎన్ని పశువులు పోతే అన్ని పాయింట్లు. ఇనుప ప్యానెళ్ల మధ్య సందులోంచి మూడూ పోతే మూడు, ఇరుకు దారిలోంచి రెండే పోతే రెండు, ట్రైలర్‌లోకి ఎన్ని ఎక్కితే అన్ని. ఇద్దరికి పాయింట్లు సమానమైతే ఎవరు తక్కువ సమయంలో ముగించారో వాళ్లు గెలుస్తారు.

రెండో పద్ధతిని తేలిగ్గా కొట్టిపారేయడానికి లేదు. జడ్జి ఇష్టాయిష్టాలకు అందులో చోటు తక్కువ. స్కోరు ప్రేక్షకులకు అప్పటికప్పుడు అర్థమవుతుంది. కొత్తగా వచ్చిన రైతు కూడా తన పేరు కింద అంకె ఎందుకు తగ్గిందో ఎవర్నీ అడగక్కర్లేదు. పైగా పొలంలో పని చేసేవాడికీ కావలసింది అదే కదా, ఆవులు ట్రైలర్ ఎక్కాయా లేదా అన్నది. ఈ వాదనలో నిజం ఉంది.

అయితే పరుగు ముగిసేసరికి ఆవులు ఏ స్థితిలో ఉన్నాయన్నది ఆ అంకెలో ఎక్కడా కనపడదు. నోళ్లు తెరిచి రొప్పుతున్నాయా, ప్యానెళ్లకు గుద్దుకున్నాయా, తోకలు పైకెత్తి పరుగులు పెట్టాయా అన్నవేవీ లెక్కలోకి రావు. పశువుల వ్యాపారంలో మాత్రం ఇవన్నీ డబ్బు లెక్కలే. బెదిరి పరిగెత్తిన పశువు బరువు తగ్గుతుంది. వధకు ముందు బాగా అలజడి పడితే కండరాల్లో నిల్వ ఉండే గ్లైకోజెన్ అనే పిండిపదార్థం ఖర్చైపోయి మాంసం నల్లబడుతుంది, ధర పడిపోతుంది. గడియారం మీద గెలిచిన కుక్క ఆసామి జేబుకు చిల్లు పెట్టే కుక్క కావచ్చు. జడ్జి కన్ను ఉన్న పోటీలో, ఆ జడ్జి కుక్కను గాక పశువును చూసేవాడైతే, ఈ నష్టం అంకెల్లోకి వస్తుంది. అందుకే, ఎన్ని లోపాలున్నా, జడ్జి పద్ధతే మేలు. సమయం గరిష్ఠ గడువుగా ఉంటే చాలు, గెలుపు కొలతగా అక్కర్లేదు.

ఆంధ్ర, తెలంగాణల్లో సంక్రాంతికో తిరునాళ్లకో జరిగే ఎడ్ల బండలాగుడు పోటీలు చూసినవాళ్లకు ఈ తర్కం కొత్త కాదు. నిర్ణీత సమయంలో బండను ఎంత దూరం లాగాయన్నదే అక్కడి కొలత. కాబట్టి ఆ పోటీ కోసం పెంచే ఎడ్లలో ఆ బలాన్నే చూసి ఎంచుతారు, ఆ బలానికే మేత పెడతారు. అదే ఎద్దు అరక కడితే సాలు తిన్నగా పోతుందా అన్నది ఎవరూ అడగరు. పోటీలో మార్కులు దేనికి పడితే, తర్వాతి తరంలో పుట్టేది అదే.

కుక్కల్లో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. ఒక మగకుక్క పెద్ద ట్రయల్ గెలిస్తే రెండు మూడేళ్లలో దాని పిల్లలు ఎన్నో ఊళ్లకు పాకిపోతాయి. 1893లో నార్తంబర్లాండ్‌లో ఆడమ్ టెల్ఫర్ ఇంట పుట్టిన ఓల్డ్ హెంప్ అనే కుక్క ఎనిమిదేళ్లే బతికినా, ఇవాళ్టి బార్డర్ కాలీల వంశాల్లో దాదాపు అన్నిటికీ మూలపురుషుడిగా చెప్పేది దాన్నే. అది పెద్దగా అరిచేది కాదు, కరిచేది కాదు, ప్రశాంతంగా చూపుతోనే గొర్రెలను కదిలించేది. ఆ పద్ధతి అందరికీ నచ్చింది, ఆ రక్తం అంతటా పాకింది. గొర్రెల ట్రయల్స్ నూరేళ్లకు పైగా కాటును శిక్షిస్తూ రావడంతో కొన్ని వంశాల్లో ఆవుకు ఎదురు నిలిచే పట్టు తగ్గిందని పశువుల ఆసాములు అంటుంటారు. అమెరికాలో కొందరు బార్డర్ కాలీకి కెల్పీ, కాటహూలా జాతుల రక్తాలు కలిపి హ్యాంగింగ్ ట్రీ కౌడాగ్ లాంటి రకాలను కట్టింది ఆ లోటు పూడ్చుకోవడానికే.

ఇక అందాల పోటీల సంగతి చెప్పనే అక్కర్లేదు. 1995లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ బార్డర్ కాలీని తన ప్రదర్శనల్లోకి పూర్తిగా తీసుకున్నప్పుడు, పని కుక్కలు పెంచేవాళ్లు గట్టిగా వ్యతిరేకించారు. బొచ్చు, చెవులు, ఎత్తు చూసి బహుమతులిస్తే కొన్ని తరాలకు ఆ చూపు, ఆ పట్టు మాయమవుతాయన్నది వాళ్ల భయం. భయం సహేతుకమైనదే.

పశువుల వంతు

ట్రయల్స్ గురించి వచ్చే రాతల్లో కుక్క ఉంటుంది, మనిషి ఉంటాడు. ఆవు వెనకెక్కడో ఉండిపోతుంది. నిజానికి పోటీ సగం నిలబడేది ఆవుల మీదే. అసలు కుక్క ముఖమే ఎరుగని పశువులను మైదానంలోకి తెస్తే, అవి కంచె దూకి పోవడమో కుక్కను తొక్కెయ్యడమో తప్ప ఇంకోటి జరగదు. అందుకే పోటీకి ముందే నిదానమైన, అనుభవం ఉన్న కుక్కలతో వాటికి అలవాటు చేస్తారు. కుక్క ఒత్తిడి తెస్తే కదలాలి, కదిలితే ఆ ఒత్తిడి పోతుంది అన్నంతవరకు వాటికి నేర్పాలి. అమెరికాలో ఇలాంటి పశువులను 'డాగ్ బ్రోక్' అంటారు. దూడలున్న తల్లి ఆవులను మామూలుగా పోటీకి దింపరు. వాటి కళ్లకు కుక్క కుక్కగా కనపడదు, తోడేలుగా కనపడుతుంది.

అలవాటు ఎక్కువైనా చేటే. ఒకే గుంపును రోజంతా కుక్క తర్వాత కుక్కతో తోలిస్తే అవి మొద్దుబారిపోతాయి. దొడ్డి గేటుకు ఆనుకుని నిలబడిపోతాయి, ముక్కు మీద కాటు పడినా చలించవు. అప్పుడు సాయంత్రం వంతు వచ్చిన కుక్కలకు అన్యాయం జరుగుతుంది. ఒక్కో గుంపును ఒకటి రెండు పరుగులకే వాడాలంటే బోలెడన్ని పశువులు కావాలి. గొర్రెలైతే తేవడం తేలిక, ఆవులకు మేత, నీళ్లు, లారీలు, బలమైన కంచెలు అన్నీ ఖర్చే. ఆవుల ట్రయల్స్ గొర్రెల ట్రయల్స్ అంత విరివిగా జరగకపోవడానికి ఇదొక పెద్ద కారణం.

ఇక్కడ అదృష్టం పాలు కూడా ఉంది. ఏ మూడు పశువులు ఎవరి వంతుకొస్తాయో ముందు తెలియదు. ఒకరికి మూడూ బుద్ధిగా నడిచేవి వస్తాయి, ఇంకొకరికి అందులో ఒక పొగరుబోతు కోడె పడుతుంది. పశువు కుంటుతున్నా, కంచె దాటినా జడ్జి మళ్లీ పరుగు ఇవ్వవచ్చు గాని, మొండితనానికి మళ్లీ పరుగు ఉండదు. పాయింట్ల లెక్కలో పొగరుబోతు కోడె వచ్చినవాడు నష్టపోయినట్టే. మంచి జడ్జి దగ్గర అదే వాడికి అవకాశం. తేలికైన పశువులతో తిన్నగా నడిచిన కుక్క కంటే, మొండి పశువును నిదానంగా ఒప్పించిన కుక్క గొప్పదని జడ్జి చూడగలడు. ఏ గడియారానికీ ఆ చూపు లేదు.

ఆ మొండి పశువుల్లో కొన్నింటి పుట్టుక తెలుగు పాఠకులకు దగ్గరిదే. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో వేడికి తట్టుకునే పశువులు కావాలని 1854 నుంచి 1926 వరకు భారతదేశపు మూపురపు జాతులను కొద్దికొద్దిగా దిగుమతి చేసుకున్నారు. మొత్తం కలిపి 300 తలలు కూడా లేవు. గిర్, గుజరాత్ (కాంక్రేజ్), కృష్ణా లోయ పశువులతో పాటు, మన ఒంగోలు జాతి కూడా అందులో ఉంది. అక్కడ దాని పేరు నెల్లూరు. వాటన్నిటి కలయికలోంచి అమెరికన్ బ్రాహ్మన్ తయారైంది, దాని సంఘం 1924లో ఏర్పడింది. 1933లో అదే బ్రాహ్మన్ అమెరికా నుంచి ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌కు చేరింది. పిడుదులకు, ఎండకు తట్టుకోవడంతో ఉత్తర ఆస్ట్రేలియా పశువుల్లో ఎక్కువభాగం ఇవాళ ఆ రక్తం కలిసినవే.

మూపురపు పశువు చురుకైనది. దాని చుట్టూ ఉన్న ఆ కనపడని హద్దు, మనిషి అలవాటు లేకపోతే, బ్రిటిష్ జాతుల కంటే వెడల్పుగా ఉంటుంది. హడావుడి చేసే కుక్క దాన్ని అర నిమిషంలో చెదరగొట్టేస్తుంది. ఒంగోలు గిత్తను పెంచినవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. కొత్తవాడు చెయ్యి వేస్తే కుమ్మవచ్చిన గిత్తే, ఇంటి పిల్ల పగ్గం పట్టుకుంటే వెనకే నడుస్తుంది. నెమ్మదిగా మచ్చిక చేస్తే మూపురపు పశువులు మనిషి వెంట ఎంతో ఒద్దికగా నడుస్తాయని గ్రాండిన్ కూడా రాసింది. క్వీన్స్‌లాండ్ పొలాల్లో తల్లి నుంచి విడదీసిన దూడలను కొన్ని రోజులు దొడ్లలో మంచి కుక్కలతో నిదానంగా తిప్పి అలవాటు చేసేదీ ఈ కారణంతోనే. ఆ వయసులో అవి నేర్చుకున్నది జన్మంతా గుర్తుంచుకుంటాయి. మంచి పాఠమైనా అంతే, చెడ్డ పాఠమైనా అంతే.

కుక్క ఖరీదు

2021లో వేల్స్‌లో కిమ్ అనే ఏడాది వయసు బార్డర్ కాలీ ఆన్‌లైన్ వేలంలో 27,100 పౌండ్లకు అమ్ముడుపోయింది. అదే ఏడాది ఆస్ట్రేలియాలోని కాస్టర్టన్ వేలంలో హూవర్ అనే కెల్పీ 35,200 ఆస్ట్రేలియన్ డాలర్లు పలికింది. ఇవి వార్తల్లోకెక్కిన ధరలు, మామూలు ధరలు కావు. మామూలు లెక్క చూడాలంటే సిడ్నీ యూనివర్సిటీ పరిశోధకులు 2014లో ప్రచురించినది మేలు. ఆస్ట్రేలియాలో 812 మంది పని కుక్కల యజమానులను అడిగి వేసిన అంచనా అది. ఒక కుక్క పని చేసినన్నాళ్లూ దాని మీద పెట్టే ఖర్చు మధ్యస్థంగా 7,763 ఆస్ట్రేలియన్ డాలర్లు. అది చేసిపెట్టే పని విలువ దాదాపు 40,000. పెట్టినదానికి అయిదు రెట్ల పైమాట.

ఈ లెక్కలో ట్రయల్ పాత్ర ఏమిటంటే, కొనేవాడికి నమ్మకం కలిగించడం. కుక్క పని తెలియాలంటే పొలంలో నెలల తరబడి చూడాలి. కొనేవాడికి అంత తీరిక ఉండదు. పదిమంది ఎదుట, తెలియని మైదానంలో, తెలియని పశువుల మీద అది ఎలా చేసిందో చూస్తే ఒక అంచనా వస్తుంది. మూడేళ్ల లోపు కుక్కలకు విడిగా పోటీలు పెట్టేది కూడా చాలావరకు ఇందుకే. అయితే ఆ పోటీ గడియారం మీద నడిచినదైతే, కొనేవాడు చూసింది వేగం. ఇంటికి తెచ్చుకున్నాక, దూడలున్న దొడ్లో, వాన పడి బురదైన గేటు దగ్గర కావలసింది నిదానం. ఇలాంటి కుక్కను కొని, ఏడాది తిరక్కుండా తిరిగి అమ్ముకునేవాళ్లు ఉంటారు. అది కుక్క తప్పు కాదు.

వేగం మోజు పిల్ల కుక్కల శిక్షణలోకి కూడా పాకుతోంది. పెద్ద బహుమతులున్న పోటీలు చిన్న వయసు కుక్కలకు పెట్టినప్పుడు, ఏడాది కూడా నిండని పిల్లను బరువైన పశువుల మీదికి పంపాలన్న ఆత్రం పుడుతుంది. ఒక గట్టి తన్ను తిన్న పిల్ల కుక్క ఇక జన్మలో ఆవు కళ్లలోకి చూడదు. ఓపిక పట్టి, ముందు నెమ్మదైన దూడలతో గెలుపు అలవాటు చేసి, తర్వాత పెద్దవాటి దగ్గరికి తీసుకెళ్లేవాళ్ల కుక్కలు ఆలస్యంగా పైకొస్తాయి, కానీ పదేళ్ల వయసుకు కూడా పని చేస్తుంటాయి.

ఈ పోటీల వీడియోలు ఇప్పుడు యూట్యూబ్‌లో బోలెడు దొరుకుతాయి. వాటిని చూసేటప్పుడు మొదటి నిమిషం కుక్కను చూడకుండా ఆవుల చెవులనూ తోకలనూ చూస్తే సంగతి తెలుస్తుంది. చెవులు వెనక్కి తిరిగి కుక్కను వింటూ, తోక కిందికి వేలాడుతూ, మూడూ ఒకే నడకలో పోతుంటే ఆ కుక్క మంచిది. తోకలు లేచాయంటే, స్కోరు బోర్డు మీద అంకె ఎంతున్నా, పరుగు చెడింది. చివర 'దట్ విల్ డూ' వినపడగానే కుక్క ఆవులను వదిలి వెనక్కి తిరుగుతుంది, మైదానం పక్కనున్న నీళ్ల తొట్టిలోకి దిగి మెడదాకా మునిగి పడుకుంటుంది. అప్పుడు కెమెరా చాలాసార్లు దాని వెంటే పోతుంది. పోకుండా ఇంకో అర నిమిషం ఆ ఆవుల మీదే నిలిస్తే, అవి తల దించి గడ్డి అందుకున్నాయో, ఇంకా గేటు వైపు చూస్తూ రొప్పుతున్నాయో కనపడుతుంది.